కన్న తండ్రి, పెంచిన చేయి

జూన్ నెల మూడవ ఆదివారాన్ని అనేక దేశాలు తండ్రుల దినంగా పాటిస్తున్నాయి. మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లోని నర్సరీ, ఎల్‌కేజీ తరగతుల్లోకి కూడా ఈ ఆనవాయితీ ప్రవేశించింది. రంగు కాగితాన్ని టై ఆకారంలో కత్తిరించి, దానిపై 'హ్యాపీ ఫాదర్స్ డే' అని టీచరే రాసి, బిడ్డ చేతికిచ్చి ఇంటికి పంపుతారు. ఆ కాగితపు టైని అందుకునే తండ్రుల్లో జీవితంలో ఒక్కసారైనా టై కట్టినవారు మన వీధుల్లో ఎందరున్నారో పాఠకులకు మేము చెప్పనవసరం లేదు. మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ, జాతీయ రహదారిపై పంక్చర్లు వేసే మనిషి, రైస్‌మిల్లు డ్రయ్యరు వద్ద రాత్రి పాళీ చేసే కార్మికుడు ఆ కాగితాన్ని ఆప్యాయంగానే తీసుకుంటారు. కానీ అది తమ బిడ్డ తమను చూసి చేసిన వస్తువు కాదని వారికీ తెలుసు.

ఇటువంటి దినాలు జరుపుకోవచ్చునా అన్న ప్రశ్న మన కుటుంబాల్లో తరచూ తలెత్తుతుంది. ఆ చర్చను ధర్మపండితులకే వదిలి, ఈ శీర్షికకు తగిన ప్రశ్నను మాత్రమే తీసుకుంటాము. ఆ ఆదివారమే కానక్కరలేదు, ఏ నెలలో ఏ రోజున అయినా సరే, మూడు నుంచి ఆరేళ్ల బిడ్డకు తన తండ్రిని గురించీ, తండ్రి స్థానంలో నిలిచి తనను పెంచుతున్నవారిని గురించీ ఏ పనుల ద్వారా, ఏ ఆటల ద్వారా నేర్పగలం?

ఈ దినానికి మూలమైన ఉదంతం కూడా తెలుసుకోదగినదే. 1910లో అమెరికాలోని స్పోకేన్ నగరంలో సొనోరా స్మార్ట్ డాడ్ అనే మహిళ దీనికి పూనుకున్నది. తల్లి మరణించాక పిల్లలను ఒంటరిగా పెంచిన తన తండ్రిపై గౌరవమే ఆమెను కదిలించింది. 1972లో గాని అక్కడి ప్రభుత్వం దానిని శాశ్వత జాతీయ దినంగా గుర్తించలేదు. తల్లిలేని ఇంటి నుంచి పుట్టిన దినం అది. అది మన తరగతి గదికి చేరేసరికి మాత్రం, ప్రతి ఇంట్లోనూ తల్లీ తండ్రీ ఇద్దరూ ఉంటారన్న ఊహ మీద నడిచే కార్యక్రమంగా మారింది.

మరొక చిక్కు కూడా ఉన్నది. తెలంగాణలో బడులు సాధారణంగా జూన్ 12న తెరుచుకుంటాయి. మూడవ ఆదివారం 15 నుంచి 21వ తేదీ లోపల వస్తుంది. అంటే కొత్తగా బడిలో చేరిన మూడేళ్ల బిడ్డ ఇంకా గుమ్మం దగ్గర తల్లి కొంగు వదలక ఏడ్చే రోజులవి. టీచరుకు పిల్లల పేర్లే సరిగా పట్టుబడవు. ఎవరి ఇంట్లో ఎవరున్నారో అంతకన్నా తెలియదు. అటువంటి వారంలో 'మీ నాన్న గురించి చెప్పు' అని నలుగురి ముందు నిలబెట్టడం తొందరపాటు. జూలైలోనో ఆగస్టులోనో, పిల్లలు కుదురుకున్నాక, టీచరుకు వారి ఇళ్ల సంగతులు తెలిశాక ఈ కార్యక్రమం పెట్టుకుంటే తేదీ గొడవ కూడా తీరిపోతుంది.

ప్రతి తరగతిలోనూ తండ్రి ఇంట్లో లేని పిల్లలు ఒకరిద్దరైనా ఉంటారు. ఒకరి తండ్రి లారీతో పాటు వారాల తరబడి రోడ్డు మీద ఉంటాడు. ఒకరి తండ్రి రియాద్‌లోనో దుబాయ్‌లోనో ఉంటాడు. ఒకరి తండ్రి అల్లాహ్ సన్నిధికి చేరి ఉంటాడు. మరొకరి తల్లి విడాకుల అనంతరం పుట్టింటికి వచ్చి ఉంటుంది. టీచరు అందరికీ ఒకే రకం కాగితం పంచి, 'ఇది మీ డాడీకి ఇవ్వండి' అన్నప్పుడు ఈ పిల్లల చేతుల్లో ఆ కాగితం ఏమవుతుంది? సంచి అడుగున నలిగిపోతుంది. అంతకన్నా బాధాకరంగా, ఆ బిడ్డ దానిని ఎవరికివ్వాలో తల్లిని అడుగుతుంది.

మనకు ఈ విషయంలో మార్గం వెతుక్కోవలసిన అవసరం లేదు. దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) జన్మించకముందే ఆయన తండ్రి అబ్దుల్లాహ్ మరణించారు. ఆరేళ్ల వయసులో తల్లి ఆమినా దూరమయ్యారు. తాత అబ్దుల్ ముత్తలిబ్ పెంపకంలో రెండేళ్లు గడిచాక ఆయనా కన్నుమూశారు. అప్పటి నుంచి పినతండ్రి అబూ తాలిబ్ ఆ బాధ్యతను స్వీకరించారు. కాబా నీడలో అబ్దుల్ ముత్తలిబ్ కోసం ఒక ఆసనం పరిచేవారనీ, గౌరవం కొద్దీ ఆయన కుమారులు సైతం దాని చుట్టూ కూర్చునేవారే తప్ప దానిపై కూర్చునేవారు కారనీ సీరత్ గ్రంథాలు చెబుతాయి. చిన్నారి మనుమడు మాత్రం నేరుగా వచ్చి దాని మీదే కూర్చునేవారు. బాబాయిలు పక్కకు జరపబోతే తాత వారించి, పక్కన కూర్చోబెట్టుకుని వీపు నిమిరేవారు. నాలుగేళ్ల బిడ్డకు తాత ప్రేమను వివరించడానికి ఇంతకన్నా మంచి కథ మాకు తోచదు. ఒక చాప పరిచి, పిల్లలను ఒక్కొక్కరినే దానిమీద కూర్చోబెట్టి, 'నిన్ను పక్కన కూర్చోబెట్టుకునే పెద్దవారు ఎవరు?' అని అడిగితే చాలు. 'అబ్బా' అని ఒకరంటారు, 'దాదా' అని ఒకరు, 'మామూ' అని ఒకరు. ఏ జవాబూ తప్పు కాదు. ఎవరూ మిగిలిపోరు.

పెంచే బాధ్యతను భారంగా కాక గౌరవంగా చూసిన సమాజమది. ఉహుద్ యుద్ధంలో అమరులైన హజ్రత్ హమ్జా (రజి) కుమార్తె విషయంలో ముగ్గురు వాదులాడుకున్న ఉదంతం బుఖారీ గ్రంథంలో ఉన్నది. 'ఈ పిల్ల నా పినతండ్రి బిడ్డ' అని అలీ (రజి), 'నాకూ పినతండ్రి బిడ్డే, పైగా ఆమె పిన్ని నా భార్య' అని జాఫర్ (రజి), 'నా సోదరుని బిడ్డ' అని జైద్ (రజి) ఆమె కోసం పోటీపడ్డారు. వదిలించుకోవడానికి కాదు, తీసుకువెళ్లడానికి ముగ్గురు మగవారు వాదించుకున్నారు. పిన్ని తల్లితో సమానమని చెప్పి ప్రవక్త (స) ఆ బిడ్డను జాఫర్ ఇంటికి అప్పగించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తండ్రి స్థానంలో నిలిచినవారిని గౌరవించడమంటే కన్న తండ్రి పేరును చెరిపివేయడం కాదు. ప్రవక్త (స) తన వద్ద పెరిగిన జైద్‌ను ఎంతగానో ప్రేమించారు. జనం ఆయనను 'జైద్ బిన్ ముహమ్మద్' అని పిలిచేవారు. పెంపుడు బిడ్డలను వారి కన్న తండ్రుల పేర్లతోనే పిలవాలన్న ఆదేశం దివ్య ఖుర్ఆన్ 33వ సూరాలో అవతరించాక ఆయన తిరిగి 'జైద్ బిన్ హారిసా' అయ్యారు. ప్రేమలో మాత్రం రవ్వంత తగ్గలేదు. హజ్రత్ అనస్ (రజి) ఉదాహరణ ఇంకా దగ్గరగా ఉంటుంది. ఆయన తండ్రి మాలిక్ మరణించాక తల్లి ఉమ్మె సులైమ్ (రజి) అబూ తల్హా (రజి)ను వివాహమాడారు. ఆ అబూ తల్హాయే బాలుడైన అనస్ చేయి పట్టుకుని ప్రవక్త (స) సన్నిధికి తీసుకువెళ్లి, సేవకు అప్పగించారు. పదేళ్లు ఆ సన్నిధిలో పెరిగిన అనస్ ఇస్లామీయ చరిత్రలో అత్యధిక హదీసులు అందించినవారిలో ఒకరయ్యారు. ఆయన పేరు నేటికీ అనస్ బిన్ మాలిక్. చేయి పట్టి నడిపినది మారుతండ్రి, పేరులో నిలిచినది కన్న తండ్రి. మన పిల్లలకు ఈ రెండూ తెలియాలి. కనుక తాతనో మామూనో పిలిచి సత్కరించినప్పుడు టీచరు బిడ్డతో 'ఇక నుంచి ఈయనే మీ నాన్న' అనరాదు. 'మీ మామూ నిన్ను బడికి తీసుకొస్తారు కదా, ఆయనకు షుక్రియా చెబుదాం' అంటే సరిపోతుంది.

పిలుపుల విషయంలో మన ఇళ్లకు ప్రత్యేకమైన ఒక తమాషా ఉన్నది. ఇంట్లో దక్కనీ ఉర్దూ, బడిలో తెలుగు. 'మీ నాన్న ఏం చేస్తారు?' అని టీచరు అడిగితే, మన పిల్లవానికి అది 'నానా' అని వినిపించవచ్చు. వాడు తల్లి తండ్రిని తలచుకుని 'నమాజ్ చదువుతారు, పాన్ తింటారు, నిద్రపోతారు' అని చెప్పవచ్చు. టీచరు నవ్వి సరిదిద్దుతుంది. కానీ తల్లి పుట్టింట పెరుగుతున్న బిడ్డ విషయంలో ఆ జవాబును సరిదిద్దవలసిన పనే లేదు. అందువల్ల కార్యక్రమానికి ముందురోజు పిలుపుల ఆట ఒకటి ఆడించడం మంచిది. అబ్బా, అబ్బూ, నాన్న, డాడీ, బాపు, దాదా, నానా, చాచా, మామూ, ఫూఫా, ఖాలూ, భాయ్‌జాన్ అని టీచరు ఒక్కొక్క పిలుపే అంటుంది. తన ఇంట్లో ఆ పిలుపు గలవారు ఉన్న పిల్లలు లేచి ఒక గెంతు గెంతాలి. ముస్లిమేతర పిల్లల పిలుపులూ ఇందులో కలుస్తాయి. ఎవరి ఇంట్లో ఎవరున్నారో టీచరుకు ఎవరినీ నొప్పించకుండా తెలిసిపోతుంది.

అసలు కృత్యాల్లో మాకు అన్నిటికన్నా నచ్చినది చేతి కొలత. ఒక చార్టు కాగితంపై తండ్రి లేదా పెంచే పెద్ద తన అరచేతిని ఆనిస్తాడు. బిడ్డ దాని చుట్టూ క్రేయానుతో గీత గీస్తుంది. ఆ పెద్ద చేతి గీత లోపల తన చిన్న చేతిని పెట్టి ఇంకో రంగుతో మరో గీత గీస్తుంది. 'ఈ చేయి ఏమేం చేస్తుంది?' అని టీచరు అడిగి, బిడ్డ చెప్పిన మాటలను ఉన్నవి ఉన్నట్లుగా ఆ వేళ్ల మీద రాస్తుంది. 'బండి కిక్ కొడుతుంది', 'నాకు జుట్టు దువ్వుతుంది', 'సబ్బు వాసన వస్తుంది' అని పిల్లలు చెప్పేదాన్ని దిద్దకూడదు. ప్రాణుల బొమ్మల విషయంలో పట్టింపు ఉన్న కుటుంబాలకు ఈ కృత్యం ఏ ఇబ్బందీ కలిగించదు. ముఖం గీయవలసిన పని లేదు. తండ్రి బడికి రాలేకపోతే కాగితం ఇంటికి వెళ్లి తిరిగి వస్తుంది. దీనికయ్యే ఖర్చు ఒక చార్టు, రెండు రంగులు.

లారీ, బస్సు, ట్యాక్సీ నడిపే తండ్రులు మన పట్టణాల్లో ఎక్కువ. సూర్యాపేట, కోదాడ రెండూ హైదరాబాదు, విజయవాడలను కలిపే 65వ నంబరు జాతీయ రహదారి మీదే ఉన్నాయి. తరగతి నేలపై సుద్దతో ఆ రోడ్డును పొడవుగా గీయండి. హైదరాబాదు, చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, మునగాల, కోదాడ, ఆపైన ఆంధ్రప్రదేశ్‌లోని నందిగామ, చివర విజయవాడ అని ఒక్కొక్క ఊరి దగ్గర ఒక్కొక్క బిడ్డను నిలబెట్టండి. అగ్గిపెట్టెకు సీసా మూతలు అతికించి చేసిన లారీ చేతులు మారుతూ ముందుకు సాగుతుంది. ప్రతి ఊరి వద్దా ఆ బిడ్డ 'అస్సలాము అలైకుం' అనో 'నమస్తే' అనో పలకరించి లారీని పంపుతుంది. అబ్బా ఎక్కడికో మాయమైపోలేదని, ఫలానా రోడ్డు మీద ఫలానా ఊర్లు దాటుతున్నారని బిడ్డకు కంటి ముందు కనబడుతుంది.

ఆ ఇంట్లో తల్లి చేయదగిన పని ఒకటున్నది. మూడేళ్ల బిడ్డకు 'వచ్చే మంగళవారం' అంటే అర్థం కాదు. అబ్బా ఎన్ని రాత్రుల తర్వాత వస్తారో అన్ని చింతగింజలు ఒక గిన్నెలో వేసి, రోజూ ఉదయం ఒకటి తీయించాలి. లోడు దొరకక బండి ఆలస్యమైతే బిడ్డ చూస్తుండగానే ఇంకొక గింజ వేసి, 'అబ్బాకు ఇంకో రోజు పడుతుందట' అని ఉన్నమాట చెప్పాలి. 'రేపొస్తారు, రేపొస్తారు' అని వారం రోజులు ఊరడించడం కన్నా ఇది మేలు. పిల్లలతో చిన్న అబద్ధమైనా ఆడరాదని మనకు ధర్మం బోధిస్తున్నది కూడా.

గల్ఫ్‌లో ఉన్న తండ్రి కోసం రెండు కాగితపు పళ్లాలతో రెండు గడియారాలు చేయవచ్చు. మన గడియారం కన్నా సౌదీ గడియారం రెండున్నర గంటలు, దుబాయ్ గడియారం గంటన్నర వెనుక ఉంటాయి. ఇక్కడ 9 గంటలకు బడి గంట మోగేసరికి రియాద్‌లో 6:30 మాత్రమే. 'మనం ప్రార్థన చేస్తుంటే అబ్బా డ్యూటీకి తయారవుతున్నారు' అని ముల్లు తిప్పి చూపితే ఐదేళ్ల బిడ్డకు కొంత అర్థమవుతుంది. వీడియో కాల్‌లో 'ఏం తిన్నావు, బాగా చదువుతున్నావా' అన్న రెండు ప్రశ్నలకు మించి మాటలు దొరకని తండ్రులకు మా సలహా ఒకటే. రోజూ ఒక చిన్న సూరా సగం మీరు చదవండి, మిగిలిన సగం బిడ్డ పూర్తి చేయాలి. లేదా ఒక కథను మధ్యలో ఆపి, మిగిలినది రేపటికి ఉంచండి.

మిర్యాలగూడ చుట్టుపక్కల పిల్లలకు తండ్రి పని అంటే చాలామట్టుకు వడ్లతో ముడిపడినదే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీటితో పండిన వడ్లు ఇక్కడి మిల్లులకు చేరుతాయి. ఐదు మూతల్లో ఐదు రకాలు ఉంచండి: వడ్లు, బియ్యం, నూకలు, తవుడు, ఊక. కళ్లు మూసి వేలితో తాకి ఏది ఏదో చెప్పమనండి. తవుడు మెత్తగా ఉంటుంది, ఊక గరగరలాడుతుంది. అబ్బా బట్టలకు సాయంత్రం అంటుకుని వచ్చే దుమ్ము ఏమిటో ఆ బిడ్డకు ఆ రోజే తెలియవచ్చు. అయితే బియ్యాన్ని జిగురుతో కాగితానికి అతికించి పారవేసే అలవాటును మేము సమర్థించము. అతికించడానికి ఊక చాలు. తాకి చూసిన గుప్పెడు బియ్యం తిరిగి డబ్బాలోకి పోవాలి.

కొందరు తండ్రులను బడికి పిలవడానికి యాజమాన్యాలు తటపటాయిస్తాయి. డాక్టరునూ, పోలీసు అధికారినీ ముందు వరుసలో కూర్చోబెడతారు. మాంసం దుకాణం నడిపేవారినీ, పాత సామాను కొనేవారినీ వెనుక బెంచీకి పంపుతారు. ఇది పిల్లల కంట పడనిది కాదు. హజ్రత్ జకరియ్యా (అ) వడ్రంగి పని చేసేవారని, హజ్రత్ దావూద్ (అ) తన చేతి కష్టంతోనే భుజించేవారని హదీసుల ద్వారా మనకు తెలుస్తున్నది. ప్రవక్తలకు లేని నామోషీ మనకెందుకు? తండ్రి వెంట తన పనిముట్టు ఒకటి తీసుకురమ్మనండి: దర్జీ టేపు, మెకానిక్ పానా, తాపీ మేస్త్రీ తూకపు గుండు, కిరాణా దుకాణం తక్కెడ. పదునైనవి మాత్రం వద్దు. పిల్లలు వాటిని పట్టుకుని చూడాలి. ఉపన్యాసం అక్కరలేదు. మూడేళ్ల పిల్లలు ఐదు నిమిషాలకు మించి ఎవరి మాటా వినరు, ఎంత పెద్దవారైనా.

తండ్రి మరణించిన బిడ్డ విషయంలో టీచరు ముందుగానే ఇంటివారితో మాట్లాడాలి. ఆ బిడ్డను ఆ పూట సెలవు పెట్టించి ఇంట్లో ఉంచడం పరిష్కారం కాదు. మిగతావారంతా చేసిన పని నుంచి వెలివేయబడ్డానన్న భావన మిగులుతుంది. మరణంతో మనిషి కర్మలు ఆగిపోతాయని, ఆగని మూడింటిలో తన కోసం దుఆ చేసే సత్సంతానం ఒకటని హదీసు చెబుతున్నది. కనుక ఈ బిడ్డ కూడా తన అబ్బాకు కానుక ఇవ్వగలదు. బడి ఆవరణలో పక్షుల కోసం మట్టిమూకుడులో నీళ్లు పోయవచ్చు, మొక్క నాటవచ్చు. రెండు చేతులెత్తి తనకు వచ్చిన భాషలో దుఆ చేయవచ్చు. చేతి కొలతలో పెద్ద చేయి ఎవరిదై ఉండాలో బిడ్డ ఇష్టానికే వదలాలి. తాతను ఎంచుకోవచ్చు, అన్నను ఎంచుకోవచ్చు, తల్లినే ఎంచుకోవచ్చు. తల్లి చేతిని ఎంచుకున్న బిడ్డతో 'ఇది ఫాదర్స్ డే కదా' అని ఎవరూ అనరాదు. అనాథను ఆదరించినవారు స్వర్గంలో తనకు రెండు వేళ్లంత సమీపంలో ఉంటారని ప్రవక్త (స) చెప్పిన సంగతి మనం ప్రసంగాల్లో తరచూ వింటాము. తరగతి గదిలో దాని ఆచరణ ఈ మాత్రపు జాగ్రత్తతోనే మొదలవుతుంది.

విడిపోయిన దంపతుల బిడ్డకు ఇంతకన్నా సున్నితమైన చిక్కు ఉంటుంది. తండ్రి అదే పట్టణంలో వేరే వీధిలో ఉంటాడు. పిలవాలా వద్దా అన్నది టీచరు నిర్ణయించరాదు. తల్లి వైపు పెద్దలను అడగాలి. ఎవరు వచ్చినా రాకపోయినా, బిడ్డ ఎదుట ఆ తండ్రి గురించి చెడుగా మాట్లాడకుండా ఉండడం మాత్రం ఇరువైపుల వారి బాధ్యత.

ఇంతవరకూ టీచర్లకూ తల్లులకూ చెప్పాము. తండ్రులకు కూడా ఒక మాట. అంగన్‌వాడీ వ్యవస్థ 1975 అక్టోబరు 2న ఆరంభమైంది. అర్ధ శతాబ్దం దాటినా ఆ కేంద్రాల గడప తొక్కేది ఇప్పటికీ ఎక్కువగా తల్లులే. పిల్లల పెంపకం ఆడవారి పని అని మనవారు తేలికగా అనేస్తారు. ఖుర్ఆన్‌లో తండ్రులు మాట్లాడిన తీరును గమనించండి. నూహ్ (అ), ఇబ్రాహీం (అ), యాఖూబ్ (అ), లుఖ్మాన్, నలుగురూ కొడుకును పిలిచిన పిలుపు 'యా బునయ్య'. నా చిట్టి తండ్రీ అన్నంత లాలన ఉన్న మాట అది. కన్న కల చెప్పుకోవడానికి యూసుఫ్ (అ) నేరుగా తండ్రి వద్దకే వెళ్లారు. తనకు పదిమంది పిల్లలున్నా ఏనాడూ ఎవరినీ ముద్దాడలేదని ఒక తెగ పెద్ద చెప్పుకున్నప్పుడు, కరుణ చూపనివానికి కరుణ దక్కదని ప్రవక్త (స) బదులిచ్చారు. మనుమరాలు ఉమామాను ఎత్తుకునే నమాజ్ చేయించారు. సజ్దాకు వెళ్లేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్లీ ఎత్తుకునేవారు.

బడి యాజమాన్యాలు కూడా వేళ విషయంలో ఆలోచించాలి. పనిరోజు పదకొండు గంటలకు కార్యక్రమం పెడితే దినకూలీ తండ్రికి సగం రోజు సంపాదన పోతుంది. అతడు రాకపోవడాన్ని నిర్లక్ష్యంగా భావించడం అన్యాయం. ఉదయం బడి తెరిచే వేళకు ఇరవై నిమిషాలు చాలు. హమాలీ అయినా, దుకాణదారు అయినా బిడ్డను దింపి, చేతి గీత గీయించుకుని పనికి వెళ్లగలడు. రాత్రి పాళీ చేసేవారు ఇంటికి పోతూ పోతూ రాగలరు. శుక్రవారం మాత్రం జుమా వేళకు అడ్డు రాకుండా చూసుకోవాలి. పిలుపు కాగితంపై 'తండ్రి' అని మాత్రమే అచ్చు వేయక, 'తండ్రి గాని, బిడ్డను చూసుకునే పెద్దవారు గాని' అని రాయండి. బడిలో చేర్చేటప్పుడు నింపిన దరఖాస్తులో తండ్రి పేరుతో పాటు సంరక్షకుని పేరు కూడా ఉంటుంది. కాగితాలు పంచే ముందురోజు టీచరు ఆ దరఖాస్తులను ఒకసారి తిరగేస్తే, ఏ బిడ్డకు ఎవరిని పిలవాలో అందులోనే చాలామట్టుకు దొరుకుతుంది.